గుంటూరు డాక్టరమ్మ కుగ్లర్

మాది లంబసింగి అని చెప్పగానే క్లాసులో అందరూ చలి గురించే అడుగుతారు. గడ్డి మీద మంచు పేరుకుంటుందట గదా, స్ట్రాబెర్రీ తోటలున్నాయట గదా, రూములు దొరుకుతాయా అని. డిసెంబరు వస్తే తెల్లవారుజామునే కార్లు వరుసకట్టే మాట నిజమే. కాని ఆ కార్లు ఆగే తారురోడ్డుకు ఎగువన గూడేలున్నాయి, వాటి సంగతి అడిగేవారు తక్కువ. మాది అటువంటి గూడెం. చోళ్ళు, పసుపు, రాజ్‌మా, కాసింత కాఫీ మా పంటలు. మా చెల్లి పుట్టేనాడు అమ్మకు నొప్పులు వచ్చి, డోలీ కట్టి దించుకు వస్తూవుంటే వానకు గెడ్డ పొంగింది. మోసేవాళ్ళు ఇవతలి గట్టున డోలీ దింపి నిలబడిపోయారు. ఆ కబురు విని నర్సమ్మ చీర ఎగదోపుకొని, ఇద్దరు మగవాళ్ళ చేతులు పట్టుకొని, నడుం లోతు నీళ్ళలో గెడ్డ దాటి ఇవతలికి వచ్చింది. చెల్లి ఆ గట్టు మీదే పుట్టింది. నాకప్పుడు మూడేళ్ళు, ఏమీ జ్ఞాపకం లేదు. అయినా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో, నేనూ చూసినట్టే వుంటుంది.

ఇంత కథ చెప్పుకునే ఇంట్లోనే, చెల్లి ఇంటరు ప్యాసై నర్సు ట్రైనింగుకు పోతానంటే పెద్ద రభస అయ్యింది. ఊరూ పేరూ తెలియని వాళ్ళ మలమూత్రాలు ఎత్తే పని మన పిల్లకెందుకని నాయనమ్మ. రాత్రి డ్యూటీలుంటాయి, రేపు సంబంధాలు రావని నాన్న. చివరకు అమ్మ పట్టుబట్టబట్టి, నన్ను తోడిచ్చి గుంటూరులో ఒక నర్సింగు స్కూలుకు కనుక్కొని రమ్మని పంపారు. అక్కడ ఆటో అతను దారిలో గుర్తుగా కుగ్లర్ ఆస్పత్రి పేరు చెప్పాడు. అదేదో మందుల కంపెనీ పేరనుకున్నాను. సైన్సు విద్యార్థినని చెప్పుకోవటానికి సిగ్గుపడ్డాను, అది ఒక మనిషి పేరనీ, ఆమె డాక్టరనీ, మన తెలుగుదేశంలో నలభైయేడేళ్ళు పనిచేసిందనీ తెలిశాక. తిరిగి వచ్చి చదివిన మేరకు ఆమె కథ ఇక్కడ వ్రాస్తున్నాను.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో జన్మించారు. ఆడపిల్ల డాక్టరు కావటమంటే ఆ దేశంలోనూ నవ్విపోయే రోజులవి. మగవాళ్ళ వైద్య కళాశాలల్లో చేర్చుకోకపోతే, స్త్రీల కోసమే ఫిలడెల్ఫియాలో 1850లో ఒక వైద్య కళాశాల పెట్టారు. కుగ్లర్ 1879లో అక్కడ పట్టా పుచ్చుకున్నారు. ఆ తరువాత ఏడేళ్ళకు, 1886లో, మన ఆనందీబాయి జోషి డాక్టరయ్యింది కూడా ఆ కళాశాలలోనే. పట్టా అయ్యాక కుగ్లర్ కొంతకాలం మానసిక రోగుల ఆస్పత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు. హాయిగా సాగిపోయే ఉద్యోగమే. అంతలో గుంటూరునుంచి ఒక మిషనరీ వ్రాసిన ఉత్తరం ఆమె చేతికందింది. ఇక్కడి ఆడవాళ్ళను చూడటానికి ఆడ డాక్టరు కావాలని దాని సారాంశం.

గుంటూరులో లూథరన్ మిషన్ అప్పటికి కొత్తదేమీ కాదు. 1842లో హయ్యర్ అనే ఆయన వచ్చి స్థాపించాడు. అమెరికాలో ఆ చర్చి స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడి, చందాలు పోగుచేసి ఇక్కడికి మనుషులను పంపేవారు. ఈనాడు మనం అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలంటున్నవాటికి ఇటువంటి సంఘాలే పూర్వీకులనుకోవచ్చు. మంచీ చెడూ రెండూ అప్పుడే మొదలయ్యాయి. ఎందుకంటే, డాక్టరుగా పోతానని కుగ్లర్ అడిగితే ఆ సంఘం వైద్యం పని చేపట్టటానికి తాము సిద్ధంగా లేమన్నది. ఘోషాలో వున్న స్త్రీలకు పాఠాలు చెప్పే పంతులమ్మగా అయితే పంపుతామన్నది. ఊరు అడిగింది డాక్టరును, సంఘం ఇవ్వజూపింది పంతులమ్మను! ఇటువంటి చోద్యాలు మా కొండల్లో మేమూ చూస్తూనే వుంటాం. కుగ్లర్ అలిగి ఇంట్లో కూర్చోలేదు. పంతులమ్మ ఉద్యోగానికే ఒప్పుకొని, 1883 ఆఖరున గుంటూరు చేరారు.

వచ్చిన తరువాత పాఠాలూ చెప్పారు, రోగులనూ చూశారు. ఘోషా స్త్రీలను మగ డాక్టరు ముట్టుకునే వీల్లేదు. కాన్పు అడ్డం తిరిగిందంటే మంత్రసాని, ఆమె వల్ల కాకపోతే దేవుడు. ఆడ డాక్టరు వచ్చింది గనుక అందరూ తలుపులు బార్లా తీశారనుకుంటే పొరపాటు. పెద్ద కులాల ఇళ్ళలో ఆమెది అంటరాని చెయ్యి. మందు కావాలి, ఆ చెయ్యి తగలకూడదు. రెండేళ్ళు ఈ విధంగా నెగ్గుకొచ్చిన తరువాత, 1885 డిసెంబరులో సంఘం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. ఇదే సంవత్సరం వైస్రాయి భార్య లేడీ డఫరిన్ భారత స్త్రీలకు ఆడ డాక్టర్లను సమకూర్చటానికి నిధి ప్రారంభించింది. అంటే కాలం కూడా కాస్త కలిసివచ్చింది. 1886లో గుంటూరులో డిస్పెన్సరీ తెరిచారు. మధ్యలో స్వదేశం వెళ్ళి, ఆస్పత్రికి డబ్బు కావాలని తిరిగి అడిగి, 1891లో మళ్ళీ వచ్చారు. 1890ల చివరికి యాభై పడకల ఆస్పత్రి లేచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది చదివేదాకా నాకూ తట్టలేదు. యాభై పడకలకు ఒకరో ఇద్దరో డాక్టర్లు. 1895లో మేరీ బేర్ అనే మరో డాక్టరమ్మ వచ్చారనుకోండి, అయినా ఇద్దరే. డాక్టరు రోగి దగ్గర నిలబడేది రోజుకు పది నిముషాలు. మిగతా ఇరవైమూడు గంటల యాభై నిముషాలు ఎవరు చూస్తారు? ఆనాటి సైన్సు స్థితి చూడండి. కోచ్ క్షయ క్రిమిని కనుగొన్నది 1882లో. మా ఏజెన్సీని పీడించే మలేరియా దోమ ద్వారా వస్తుందని సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ రుజువుచేసింది 1897లో. సూక్ష్మజీవుల సంగతి తెలిసింది గాని వాటిని చంపే యాంటీబయాటిక్సు ఇంకా పుట్టలేదు. కనుక బాలెంత బతకాలంటే వున్న మందల్లా శుభ్రతే. చేతులు కడుక్కోవాలి, నీళ్ళు కాచాలి, దుప్పట్లు ఉడకబెట్టాలి, జ్వరం గంటగంటకూ చూసి వ్రాయాలి. ఇది డాక్టరు పని కాదు, నర్సు పని.

అందుకని కుగ్లర్ నర్సులను తయారుచేయటానికి పూనుకున్నారు. శిక్షణ పొందిన నర్సు కేథరిన్ ఫాస్ అమెరికానుంచి వచ్చి ఆ బాధ్యత తీసుకున్నారు. నేర్చుకోవటానికి వచ్చినవాళ్ళు తెలుగు పిల్లలు, చాలావరకు క్రైస్తవ కుటుంబాల బీద పిల్లలు. మిగతా ఇళ్ళవాళ్ళు రానిచ్చేవారు కాదు. కారణాలు మా నాయనమ్మ చెప్పినవే! పరుల మలమూత్రాలు, రాత్రి కాపలా, కులం. నూరేళ్ళు దాటినా మా ఇంటి అభ్యంతరాల జాబితాలో కొత్త వాదన ఒక్కటీ చేరలేదంటే నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఇంత చేసీ ఆ పిల్లలకు పడ్డ కష్టం రోగులతోనే. నర్సు చేతి మంచినీళ్ళు తాగితే కులం పోతుందని భయపడే రోగికి, ఆ నర్సే రాత్రంతా మేలుకొని నుదుటిన తడిగుడ్డ వెయ్యాలి.

కుగ్లర్ ఈ కులం పట్టింపును నెత్తిన పెట్టుకోలేదు, అలాగని దానితో యుద్ధం చేసి రోగులను పోగొట్టుకోనూలేదు. ఆస్పత్రి ఎదుట ఒక సత్రం వెలిసింది. రోగుల బంధువులు అక్కడ దిగి, తమ వంట తాము చేసుకోవచ్చు. దాన్ని కట్టించింది ఏలూరు జమీందారు భుజంగరావుగారు. తన ఇంటివారికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా కట్టించారు. బైటినుంచి వచ్చిన సాయానికి ఊళ్ళోవాళ్ళ సొమ్ము, ఊళ్ళోవాళ్ళ ఆలోచన తోడైంది గనుకనే ఆ ఆస్పత్రి పరాయిది కాకుండా పోయిందని నా అభిప్రాయం. ఆమె మతప్రచారం కోసమే వచ్చింది గదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, ఆమె దాన్ని దాచలేదు. మిషన్ పనిలో అది భాగమే. కాని ప్రాణం మీదికి వచ్చి గుమ్మంలో నిలబడిన మనిషికి ముందు కావలసింది ఏమిటో కూడా ఆమెకు తెలుసు. ఈ రెండింటినీ కలిపే చూడాలి, ఒకటి వదిలి ఒకటి చూస్తే కథ కురచ అయిపోతుంది.

ప్రభుత్వం 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. తరువాత మరోసారీ గౌరవించింది. 1928లో గుంటూరు ఆస్పత్రి చరిత్రను ఆమే పుస్తకంగా వ్రాశారు. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆస్పత్రికి తరువాత ఆమె పేరే పెట్టారు. న్యాయమే. కాని రాత్రులు మేలుకున్న ఆ తెలుగు నర్సుల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. మా గెడ్డ దాటిన నర్సమ్మ పేరు మా ఇంట్లో తప్ప ఎక్కడా లేనట్టే.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మా చింతపల్లి పోలీసు స్టేషను మీద పడిన నాటికి, కుగ్లర్ గుంటూరులో ఇంకా రోగులను చూస్తూనే వున్నారు. ఆమె కట్టినటువంటి ఆస్పత్రి అప్పుడు మా కొండలమీద వుంటే ఎన్ని చలిజ్వరాలు తగ్గివుండేవో. గుంటూరులో రోగికీ ఆస్పత్రికీ నడుమ అడ్డం ఇంటి గడప. మాకు అడ్డం కొండ వాలు. 2022లో అల్లూరి పేరనే మాకు పాడేరు కేంద్రంగా జిల్లా వచ్చింది, 108 బండీ వుంది. అయితే బండి తారురోడ్డు దాకానే, ఆ పైన నర్సమ్మ కాళ్ళే. భుజాన టీకాల పెట్టె, సంచిలో మలేరియా రక్తపరీక్ష కిట్లు, చేతిలో గర్భిణీల రిజిస్టరు. ప్రపంచం మొత్తం మీద 59 లక్షల మంది నర్సులు తక్కువ పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లెక్కకట్టింది. లెక్క పెద్దది. మా గూడేనికి తక్కువ పడుతున్నది ఒక్కరే.

కుగ్లర్ కథ ఒక సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఇంట్లో చెప్పాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం, ఆ దొరసానికి పెళ్ళయిందా అని అడిగింది. లేదన్నాను. చాలాసేపు పొయ్యి ఎగదోస్తూ కూర్చుంది. మరి పోయినప్పుడు ఎవరు చూశారు ఆమెను అన్నది. ఆమె దగ్గర నేర్చుకున్న నర్సులే చూసి వుంటారన్నాను. ఆ మాటకు బదులు చెప్పలేదు. మర్నాడు చెల్లి ట్రంకుపెట్టెలో సర్దమని రెండు శేర్ల చోడిపిండి మూట కట్టి గుమ్మంలో పెట్టింది. వానలు ముదరకముందే, గెడ్డ పొంగకముందే బయలుదేరమని నాన్న అన్నాడు.