మందు తూకం నేర్పిన లేవోయిజర్‌ను ఎట్ల తూకమేద్దాం?

తుపాకి మందు ముచ్చట వస్తే తుపాకి పట్టినోడే అందరికి యాదికొస్తడు. మందు కలిపినోడు, తూచినోడు, ఆ మందు కోసం మన్ను గీకినోడు ఎవ్వలకు యాదికి రారు. అందుకే ఈసారి నేను ఒక తూచినోని కథ చెప్త. ఆయన పేరు ఆంత్వాన్ లేవోయిజర్. ఇస్కూల్ల ద్రవ్యనిత్యత్వ నియమం చదివినోళ్లకు పేరు ఎరుకే. అయితే ఆయన ఫ్రాన్స్ సర్కారు తుపాకి మందు కార్ఖానాలు నడిపిన అధికారి అని, పన్నుల గుత్తదారు అని, 50 ఏండ్ల వయసుల తలకాయ తీసిన్రని మనలో శానమందికి తెల్వదు.

ముందుగాల మందు తూకం అంటే ఏందో అర్థం కావాలె. అమెరికాల వేటగాళ్లు, గురి పందాలకు పోయేటోళ్లు కాల్చిన రైఫిల్ తూటా ఇత్తడి గొట్టాన్ని పారెయ్యరు. ఇంట్లనే కొత్త క్యాపు, కొత్త మందు, కొత్త గుండు పెట్టి మళ్ల వాడ్తరు. అక్కడి చట్టం ఒప్పుకుంటది. మన దగ్గర లైసెన్సు లేకుంట ఆ పని చేస్తే జైలే. వాళ్ల పనిముట్లు చిన్నయి: చెంచా లెక్కుండే ఒక కొలగిన్నె, ఒక చిన్న తరాజు, పలుకు పలుకు రాల్చే సన్న గొట్టం. కొలిచేది గ్రెయిన్లల్ల. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాముల కంటే జరంత తక్కువ.

చెంచా ఎంత జాగ నిండిందో చెప్తది గాని ఎంత బరువున్నదో చెప్పదు. సోలెడు బియ్యం, సోలెడు అటుకులు ఒక్క బరువు తూగుతయా? మందు గూడ అంతే. ఒక రకానికి సరిపోయిన చెంచా ఇంకో రకానికి పనికిరాదు. పలుకు లావున్నదా సన్నమున్నదా, వదులుగ నింపినమా తట్టి నింపినమా అన్నదాన్ని బట్టి గూడ తేడా వస్తది. అందుకే చెంచాతోని తీసినా తరాజు మీద సరిచూడాల్సిందే. మందు తక్కువ పడితే గుండు గొట్టంల ఇరుక్కుంటది. ఎక్కువ పడితే తుపాకే పలిగి పట్టుకున్నోని మొకం మీదికొస్తది. అందాజ మీద నడిచిన మందు పనిని తరాజు మీదికి తెచ్చినోళ్లల్ల లేవోయిజర్ ముందు వరుసల ఉంటడు.

ఆయన 1743 ఆగస్టు 26న పారిస్‌ల పుట్టిండు. కలిగినోళ్ల ఇల్లు. ఐదేండ్లకే తల్లి పోయింది. తండ్రి వకీలు, కొడుకును గూడ వకీలు చదువే చదివిచ్చిండు. పిలగాని మనసు మాత్రం రాళ్లు, నీళ్లు, గాలి మీద ఉండె. 1768ల రెండు పనులైనయి. 25 ఏండ్లు నిండకముందే సైన్సు అకాడమీల చోటు దొరికింది. అదే ఏడు పన్నుల గుత్త కంపెనీల వాటా కొన్నడు.

ఆ గుత్త ఏందంటే, రాజుకు ముందుగాల పైకం కట్టి జనం దగ్గర పన్నులు వసూలు చేసుకునుడు. నిజాం రాజ్యంల సాలార్ జంగ్ మార్పులు తేకముందు మన దిక్కు నడిచిన గుత్తల లెక్కనే. ఉప్పు, పొగాకు, పట్నంల అడుగుపెట్టే సరుకు, అన్నిటి మీద వాళ్ల చెయ్యే. దేశంల శాన జాగలల్ల ఎనిమిదేండ్లు దాటిన ప్రతి మనిషి పేరు మీద ఏటా ఇంత ఉప్పు కొనాల్సిందే. వద్దనేటందుకు లేదు. ఉప్పు దొంగతనంగ అమ్మినోళ్లను ఓడల తెడ్లు లాగే శిక్షకు పంపిన్రు. లేవోయిజర్ ప్రయోగశాలల మెరిసిన గాజు సామాన్ల ఎనుక గీ ఉప్పు పైసలున్నయి. ఈ మాట చెప్పకుంట ఆయన కథ చెప్పుడు న్యాయం కాదు.

1771ల ఆయన పెండ్లి చేసుకున్న మరీ ఆన్ ఇంకో గుత్తదారు బిడ్డ. అప్పటికి ఆమెకు 13 ఏండ్లే. ఆమె ఇంగ్లీషు నేర్చి పుస్తకాలు తర్జుమా చేసింది, బొమ్మలు గీసుడు నేర్చి పరికరాలను గీసింది, ప్రయోగాల లెక్కలు రాసింది. ఆమె లేకుంటే ఆయన పని సగం లోకానికి తెల్వకపోవు.

ఇగ మందు దగ్గరికొద్దాం. తుపాకి మందు అంటే సూరేకారం, బొగ్గు, గంధకం. దాంట్ల ఎక్కువ పాలు సూరేకారానిదే. లోకంల పేరుమోసిన సూరేకారం బిహార్‌ది. నోనియా కులపోళ్లు ఊర్ల అంచులల్ల, కొట్టాల పక్కన ఉప్పు పేరిన మన్ను గీకి, నానబెట్టి, కాచి తీసేటోళ్లు. 1758ల ఆ బిహార్ సరుకు మీద గుత్త ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. ఏడేండ్ల యుద్ధంల ఫ్రాన్స్ ఓడిపోయినంక వాళ్లకు మన దేశం సూరేకారం దొరుకుడు కష్టమైంది. అంటే మన నోనియాల చెమట ఎవ్వల దిక్కు పోతే వాళ్ల తుపాకులు పేలినయి.

ఫ్రాన్స్‌ల గూడ సూరేకారం గీకేటోళ్లున్నరు. వాళ్లకు రాజు ఇచ్చిన హక్కుండె. ఎవ్వలింట్లనన్న జొరబడి నేలమాళిగ తవ్వొచ్చు, కొట్టం గోడ గీకొచ్చు. ఊరోళ్లు వాళ్లకు బండ్లు, కట్టెలు, ఉండతందుకు జాగ ఇయ్యాలె. లంచమిచ్చినోని ఇల్లు వదిలి లేనోని ఇల్లు తవ్వుడు మామూలైంది. మందు తయారీ గూడ ఒక ప్రైవేటు గుత్త కంపెనీ చేతుల ఉండె. 1775ల తుర్గో అనే మంత్రి ఆ గుత్త రద్దు చేసి సర్కారు సంస్థ పెట్టిండు. దాన్ని నడిపే నలుగురిల లేవోయిజర్ ఒకడు. పారిస్ ఆయుధశాలల ఇల్లిచ్చిన్రు, అక్కడ్నే ప్రయోగశాల పెట్టుకున్నడు. 1792 దాంక అక్కడే ఉన్నడు.

ఇండ్లల్ల జొరబడి తవ్వుడును ఆపేటందుకు ఉత్తర్వులొచ్చినయి. దానికి బదులు పెంట, మన్ను, సున్నం కలిపి సూరేకారం పుట్టించే మడులు ఎట్ల ఎయ్యాల్నో 1777ల పుస్తకం అచ్చేసి పంచిన్రు. బూడిద తక్కువైన కాడ పొటాష్ వాడుడు నేర్పిచ్చిన్రు. మందు బలాన్ని పరీక్ష చేసే పద్ధతి ముందు నుంచే ఉండె. 1686 నాటి రాజు ఉత్తర్వు ప్రకారం మూడు ఔన్సుల మందు 60 పౌన్ల గుండును 50 త్వాజుల దూరం కొట్టాలె. మన లెక్కల 90 గ్రాముల చిల్లర మందు, 29 కిలోల గుండు, 97 మీటర్ల దూరం. లేవోయిజర్ కాలంల మందు అంతకంటే మస్తు దూరం కొట్టేది. సూరేకారం ఎంత శుద్ధంగ ఉన్నది, ఎంత తూగింది అని సరిచూసుకునుడే దాని ఎనుకున్న సంగతి. స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషోళ్ల మీద తిరగబడ్డ అమెరికా జనానికి మొదటి ఏండ్లల్ల దొరికిన మందుల ఎక్కువ పాలు ఫ్రాన్స్ నుంచి పోయినదే.

ఆ ఆయుధశాల ఇంట్లనే ఆయన రసాయన శాస్త్రాన్ని తిరగేసిండు. వస్తువు కాలితే ఏదో బయటికి పోతదని అప్పటి పండితుల నమ్మకం. ఈయన మూతబెట్టిన పాత్రల కాల్చి, ముందు తూచి, ఎనుక తూచి, గాలిల ఒక భాగం వచ్చి కలుస్తదని చూపెట్టిండు. దానికే ఆక్సిజన్ అని పేరు పెట్టిండు. ఫోర్తెన్ అనే చెయ్యి తిరిగిన పనోడు ఆయన కోసం పెద్ద తరాజు చేసిచ్చిండు. 1793ల గ్రాము అంటే ఎంతో తేల్చేటందుకు అయూయి అనే ఇంకో పండితునితోని కలిసి నీళ్లు తూచిండు. ఇయ్యాల మన కిరాణా దుకాణంల ఉన్న కిలో బాటుకు మూలం ఆ పనిల ఉన్నది.

తరాజు ఒక్కటే సరిపోదని 1788ల తేలింది. బెర్తొలె అనే ఆయన సూరేకారం బదులు కొత్త లవణం కనిపెట్టిండు. దాంతోని మరింత గట్టి మందు చేద్దామని అక్టోబర్ 27న ఎసోన్ కార్ఖానల ప్రయోగం పెట్టిన్రు. చూడతందుకు లేవోయిజర్ దంపతులు గూడ పోయిన్రు. నడుమ నాస్తాకు పోయి వాపసొస్తుంటే, ముందు నడిచిన ఇద్దరు మిల్లు దగ్గరికి పోంగనే పేలింది. కార్ఖానా అధికారి ఒకాయన, చూడనొచ్చిన ఒక ఆడపిల్ల పానం పోయింది. లేవోయిజర్ నిమిషాల తేడాతోని బతికిండు.

1789 ఆగస్టుల ఇంకో సంగతి. విప్లవం మొదలైంది, పారిస్ జనం మందు కోసం కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తున్నరు. ఆయుధశాల నుంచి పడవల మందు బయటికి పోతున్నదని పుకారు పుట్టింది. జనం లేవోయిజర్‌ను పట్టుకొని కొట్టి చంపేటంత పని చేసిన్రు. అది మన కొట్లాటకు పనికొచ్చే మందు కాదు, నాసిరకం వ్యాపారపు మందు అని ఆయన చెప్పుకొని బయటపడ్డడు. ఆ వ్యాపారం ఏందనుకుంటున్నరు? ఆఫ్రికా తీరంల మనుషులను బానిసలుగ కొనే వ్యాపారం. మంచి మందు రాజు సైన్యానికి, నాసిమందు మనుషులను కొనేటందుకు. తరాజు పట్టిన మనిషికి ఆ సరుకు ఏడికి పోతదో ఎరుకే. రచ్చ రేగింది పడవ మీద గాని, సరుకు పోయే దారి మీద కాదు.

అంతకుముందే ఆయన మీద జనానికి కోపమున్నది. పన్ను కట్టకుంట సరుకు రాకుండ పారిస్ చుట్టూ గోడ కట్టాలని సలహా ఇచ్చింది ఈయనే. అగ్ని మీద తన రాతలను అకాడమీ ఒప్పుకోలేదని కసితోని ఉన్న మరా, తన పత్రికల ఈయనను ఏకిపారేసిండు. అట్లని ఒక్క దిక్కే చూడొద్దు. 1788 కరువుల బ్లువా పట్నంకు ధాన్యం కొనతందుకు సొంత పైసలు వడ్డీ లేకుంట ఇచ్చింది గూడ ఈయనే.

1791ల గుత్త కంపెనీ రద్దయింది. 1793 నవంబర్ల గుత్తదార్లందరిని పట్టుకొమ్మని హుకుం వచ్చింది. లేవోయిజర్ మామతోని కలిసి లొంగిపోయిండు. నేరాలల్ల ఒకటి పొగాకుల నీళ్లు కలిపి బరువు పెంచి అమ్మిన్రని. తూకం మీద బతికిన మనిషి మీద తూకం దొంగతనం కేసు! 1794 మే 8న విచారణ, అదే దినం 28 మందికి గిలటిన్. మామ తల తెగినంక అల్లుని వంతు వచ్చింది. గణతంత్రానికి పండితులు అక్కర లేదని జడ్జి అన్నడని ఒక మాట తిరుగుతది గాని, దానికి నమ్మే సాక్ష్యం లేదు. తరవాత లెక్కలు తీస్తే గుత్తదార్లు సర్కారుకు బాకీ లేరని, సర్కారే వాళ్లకు బాకీ ఉన్నదని తేలింది.

ఆయన జైల్ల ఉన్నప్పుడే బయట దేశమంత సూరేకారం గీకుతున్నది. జిల్లాకు ఇద్దరిని పారిస్‌కు పిలిపిచ్చి తన తోటి పండితులే మందు పాఠాలు చెప్పిన్రు. ఆ పని వేగమెక్కి గ్రెనెల్ కార్ఖానాను జనంతోని, సరుకుతోని కిక్కిరిసిపోయేటట్టు నింపిన్రు. 1794 ఆగస్టు 31న అది పేలి వందల మంది కూలీలు సచ్చిపోయిన్రు.

ఎసోన్‌ల ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒక పిలగాడు అమెరికాకు పోయి 1802ల బ్రాండీవైన్ వాగు ఒడ్డున మందు మిల్లు పెట్టిండు. పేరు ఎల్యుతేర్ ఇరెనె ద్యు పాంట్. డ్యూపాంట్ కంపెనీ అట్ల పుట్టింది. తరవాత వంద ఏండ్లకు ఆ కంపెనీ తయారుచేసిన రైఫిల్ మందు రకాల పేర్లు ఇయ్యాలటికీ తూటాలు నింపుకునేటోళ్ల డబ్బాల మీద కనబడ్తయి.

మరి ఈ మనిషిని మనం ఎట్ల తూకమెయ్యాలె? నా మాట ఇది: ఆయన శాస్త్రాన్ని చూసి ఉప్పు పన్ను మరువొద్దు, ఉప్పు పన్నును చూసి గిలటిన్‌కు చప్పట్లు కొట్టొద్దు. ఒక దిక్కు గుత్త, ఇంకో దిక్కు తరాజు. గుత్త పోయి మంచిగైంది. తరాజు మాత్రం జనం చేతికి రావాల్సిన సామాను.

అది వచ్చిందా మరి? 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంల పటాకుల కార్ఖానా పేలి 8 మంది పోయిన్రు. అటువంటి షెడ్లల్ల ఏ డబ్బల ఏమున్నది, ఏది దేంతోని కలవొద్దు, ఒక్క గదిల ఎంత మందు ఉండొచ్చు అనేది యజమానికి, ఇన్‌స్పెక్టర్‌కు కాయితం మీద ఉంటది. గదిల కూసొని చేతులతోని మందు నింపే ఆడమనిషికి ఎవ్వలు చెప్పాలె? అందాజ మీద పని చేపిచ్చి, పేలినంక ఎక్స్‌గ్రేషియా లెక్క కట్టుడు మనకు అలవాటైంది.

ప్రతి గది తలుపు మీద తెలుగుల రాసి పెట్టాలె: ఇంత మందు, ఇంతమంది మనుషులు, అంతకు మించొద్దని. మించితే పని ఆపే హక్కు కూలీలకుండాలె. తనిఖీకి వచ్చిన ఆఫీసరు రిజిస్టర్ చూసి పోకుండ తరాజు తెప్పిచ్చి, కూలీల ముంగట తూచి చూపెట్టాలె.