మూడోసారి పాసైన భీమవరం కుర్రాడు



మీ పిల్లలు సైన్స్‌లో కణం పాఠం చదివేటప్పుడు కండర కణం, నాడీ కణం, ఎర్ర రక్తకణం అంటూ బొమ్మలు వేసి భాగాలు గుర్తిస్తారు. ఒక్కో కణానిది ఒక్కో పని. కానీ ఆ పనులకు కావలసిన శక్తి మాత్రం ముఖ్యంగా ఒకే పదార్థం నుంచి అందుతుంది. దాని పేరు ఏటీపీ. దాన్ని కనిపెట్టిన వారిలో ఒకరు మన తెలుగువారని చాలామంది పిల్లలకు తెలియదు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో ఇబ్బందులు ఎక్కువ. తండ్రి త్వరగా పోయారు. పిల్లవాడికి చదువు మీద మనసు నిలిచేది కాదు. ఒకసారి డబ్బు సంపాదిస్తానని ఇల్లు వదిలి కాశీ దారి పట్టాడు. వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో వేశారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. ఆ రెండు ఫలితాలు చూసి వెంకమ్మ గారు ఇక చదువు చాలులే అనుకుని ఉంటే, ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువైన ఎల్ఎంఎస్ పట్టాయే చేతికి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బు తనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. ఇలాంటి జబ్బులకు మందు కనుక్కోవాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

మామగారి సాయంతో అమెరికా వెళ్లి బోస్టన్‌లోని హార్వర్డ్‌లో చేరారు. ఖర్చులకు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. ఆయన మళ్లీ ఇండియాకు రాలేకపోయారు. విజయం వెనుక ఈ బాధ కూడా ఉందని మన పిల్లలకు చెప్పాలి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలి రంగును బట్టి కొలిచే పద్ధతి తయారు చేశారు. 1925లో ప్రచురించిన ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇద్దరి పేర్లతోనే నేర్చుకుంటూ వచ్చారు. అదే పద్ధతితో కండరాలను పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల పనిచేస్తుందని అప్పటిదాకా నమ్మిన శాస్త్రలోకం ఆ ఆలోచనను మార్చుకోవలసి వచ్చింది.

దీన్ని పిల్లలకు ఇలా చెప్పవచ్చు. తిరునాళ్లకు కోటప్పకొండ మెట్లు ఎక్కుతున్నప్పుడు కాలి కండర కణాలు ప్రతి అడుగుకూ ఏటీపీని ఖర్చు చేస్తాయి. తిన్న అన్నంలోని శక్తితో దాన్ని మళ్లీ నింపుకుంటాయి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒక్కసారిగా దూకితే, ఆ మొదటి కొన్ని సెకన్లు ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. అది చేతి ఖర్చుకు పక్కన దాచుకున్న డబ్బు లాంటిది. దూకమని మెదడు ఇచ్చే ఆజ్ఞ కండరానికి చేరాలంటే నాడీ కణాలకూ ఏటీపీ కావాలి. శరీరం బరువులో మెదడు వాటా కొద్దిదే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం వాడే శక్తిలో దాదాపు అయిదో వంతు దానికే పోతుంది. ఉదయం టిఫిన్ మానేసి స్కూలుకు వచ్చే పిల్లల విషయంలో మీరూ మేమూ ఇది గుర్తుంచుకోవాలి. మరో విశేషం కూడా ఉంది. కణాలు ఏటీపీని బయటకు వదిలి పక్క కణాలకు కబురు పంపడానికి కూడా వాడతాయని 1970లలో జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే శాస్త్రవేత్త చెప్పారు. లోపల ఇంధనం, బయట సందేశం!

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. ఎముక మజ్జలో కొత్త రక్తకణాలు పుట్టాలంటే ఇది తప్పనిసరి. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకూ ఇది పనికొచ్చింది. తల్లులారా, గర్భంతో ఉన్నప్పుడు మీరు వేసుకున్న ఐరన్ మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ యాసిడే.

తర్వాతి ఆలోచన ఇంకా గొప్పది. రక్తకణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలంటే, దాని పోలికలతో ఉండే నకిలీ పదార్థం ఇస్తే అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణాలు ఆగుతాయి కదా! ఆయన బృందం పంపిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. అప్పటిదాకా ఏ మందుకూ లొంగని ఆ జబ్బు కొందరిలో కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి డాక్టర్లు ఈనాటికీ రాస్తున్నారు. బోదకాలు నివారణకు ప్రభుత్వం పంచే డీఈసీ మాత్ర, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచి వచ్చినవే.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. నోబెల్ రాలేదు. మన తపాలా శాఖ 1995లో ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

పరీక్ష తప్పిన ప్రతి పిల్లవాడూ సుబ్బారావు అవుతాడని నేను అనడం లేదు. మార్కులు అక్కర్లేదనీ అనడం లేదు. కానీ ప్రోగ్రెస్ రిపోర్టు ఆ రోజుకు పిల్లవాడు ఎంత రాశాడో చెబుతుంది, రేపు ఏం చేయగలడో చెప్పదు. ఈసారి రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు మార్కుల గురించి అడిగినట్టే, ఈ నెల పాఠాల్లో నీకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటని కూడా అడగండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ జవాబు మాకూ చెప్పండి. దానితో మాకు చాలా పని ఉంది.

మీ పిల్లల సైన్స్ టీచర్