బదిలీల మధ్య దోమ రహస్యం

బదిలీ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ట్రంకు పెట్టెలు, టి.సి. కాగితాలు, కొత్త ఊరు, కొత్త భాష మనకు అలవాటే. మనలాగే ఊరూరూ తిరిగిన ఒక డాక్టరు, ఆ తిరుగుళ్ల మధ్యనే, మన తెలుగునేల మీద ప్రపంచానికి పనికివచ్చే ఒక సత్యాన్ని కనుగొన్నారు. ఆయనే సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిష్ వారి భారత సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో రాస్ పెద్దవాడు. ఎనిమిదేళ్లకే చదువు కోసం ఆయనను ఇంగ్లండులోని బంధువుల ఇంటికి పంపేశారు. అమ్మానాన్నలు ఒక దేశంలో, తాను మరో దేశంలో పెరిగారు.

ఆయనకు బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం, సంగీతం, లెక్కలు ఇష్టం. వైద్యం మీద మాత్రం మనసు లేదు. తండ్రి మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరారు. చదువు మొక్కుబడిగా సాగింది. ఒక పరీక్ష తప్పారు కూడా. కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేసి, మళ్లీ చదివి గట్టెక్కి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ దీవులు ఇలా ఒకదాని వెంట ఒకటిగా ఊళ్లు మారాయి.

బెంగుళూరులో ఉన్నప్పుడు ఆయన బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. వెతికితే కిటికీ దగ్గరి తొట్టి నీళ్లలో దోమ పిల్లలు గిలగిలా కదులుతూ కనిపించాయి. ఆ నీళ్లు పారబోయగానే దోమలు తగ్గాయి. చిన్న విషయమే, కానీ ఆ గమనిక ఆయన జీవితాంతం వెంట వచ్చింది.

ఆ రోజుల్లో చలిజ్వరం, అంటే మలేరియా, చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో సూక్ష్మజీవిని చూశారు. అది మనిషిలోకి ఎలా వస్తుందో మాత్రం తెలియలేదు. 1894లో రాస్ సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆయనకు ఆ సూక్ష్మజీవిని చూపించి, దీనికి దోమలతో సంబంధం ఉండవచ్చన్న తన ఊహ చెప్పారు. ఆ ఊహ నిజమో కాదో తేల్చాలని రాస్ నిశ్చయించుకున్నారు.

1895లో సికింద్రాబాదుకు వచ్చి, బేగంపేటలో పని మొదలుపెట్టారు. దోమలను పట్టడం, పెంచడం, రోగులను కుట్టించడం, తర్వాత సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క దోమనూ కోసి చూడడం ఆయన దినచర్య. మధ్యలో కలరా అదుపు చేయడానికి బెంగుళూరు పంపారు, పని ఆగిపోయింది. నీలగిరులకు వెళ్లినప్పుడు మలేరియా ఆయననే పట్టుకుంది. కోలుకుని మళ్లీ సికింద్రాబాదు చేరారు.

1897 ఆగస్టు. ఉక్కపోత. పంకా లాగిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని గాలి లేకుండానే కూర్చునేవారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. వందల దోమలు కోసినా ఫలితం లేదు. అప్పుడు రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు కొన్ని దొరికాయి. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటితో కుట్టించి, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, మిగిలిన ఒకటి రెండు దోమల్లో ఒకదాన్ని కోసి చూస్తే, దాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా సూక్ష్మజీవిలో ఉండే నల్లని రేణువులే ఉన్నాయి. మరునాడు చివరి దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే దోమ ఒంట్లో ఆ జీవి పెరుగుతోంది! మచ్చల రెక్కల ఆ దోమే అనాఫిలిస్.

ఇక నాలుగు అడుగులు వేస్తే గమ్యం అనుకునే వేళ సెప్టెంబరులో బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఊరు రాజపుతానాలోని ఖేర్వాడా. అక్కడ మలేరియా రోగులే అరుదు. చేతికి వచ్చిన పంట వానపాలైనట్లయింది. రాస్ ఉత్తరాలు రాశారు, మాన్సన్ లండన్‌లో ప్రయత్నాలు చేశారు. 1898లో ఆయనను కలకత్తాకు పంపారు. అక్కడా ప్రయోగాలకు తగిన మలేరియా రోగులు దొరకలేదు. రాస్ చేతులు ముడుచుకోలేదు. పిచ్చుకల వంటి పక్షులకు వచ్చే మలేరియాను పరీక్షించారు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలు పట్టి తెచ్చేవాడు. జులైలో దోమ లాలాజల గ్రంథుల్లో సూక్ష్మజీవి కనిపించింది. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జబ్బు వచ్చింది. దోమకాటే దారి అని తేలిపోయింది.

మనుషుల విషయంలో ఈ దారిని ఇటలీలో గ్రాస్సీ బృందం అదే ఏడాది నిరూపించింది. గొప్పతనం ఎవరిదన్న వాదులాట రాస్‌ను చివరిదాకా వదలలేదు. 1902లో ఆయనకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. భారతదేశంలో పుట్టి ఆ బహుమతి పొందినవారిలో ఆయనే మొదటివారు. తర్వాత ఆఫ్రికాలోనూ, సూయజ్ కాలువ ఒడ్డునా దోమల నిర్మూలనకు పాటుపడి, 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. కాటుకు ఒక అణా తీసుకున్న హుస్సేన్ ఖాన్‌నూ, మహమ్మద్ బక్ష్‌నూ కూడా ఆ రోజు తలచుకోవడం న్యాయం.

ఇప్పుడు మన నందిని సంగతి. భిలాయి కొలిమిలకు సున్నపురాయి ఇచ్చే ఊరు ఇది. వాన పడితే తవ్విన గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. సాయంత్రానికి ప్రతి క్వార్టరులోనూ దోమల బ్యాట్ టపటపలాడుతుంది. దాన్ని సొంతంగా తయారు చేస్తామని మన పెద్ద తరగతుల పిల్లలు ఉత్సాహపడుతున్నారు. అది పనిచేసే తీరు తెలుసుకోవలసిందే. బ్యాటరీలోని కొద్ది వోల్టులను ఆసిలేటర్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు కలిసి వందల, వేల వోల్టులకు పెంచుతాయి. కెపాసిటర్ ఆ విద్యుత్తును పట్టి ఉంచుతుంది. తీగల మధ్యకు దోమ రాగానే అది ఒక్కసారిగా ప్రవహిస్తుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో విద్యుత్తు మిగిలి ఉండవచ్చు. పాత కెమెరా ఫ్లాష్ నుంచి తీసిన పెద్ద కెపాసిటర్ వాడితే ఆ దెబ్బ ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే బొమ్మ గీయండి, మాస్టారి ఎదుట వివరించండి, ఇంట్లో మాత్రం కట్టవద్దు.

బ్యాట్ ఒక్కో దోమనే చంపుతుంది. నిలిచిన నీళ్లు పారబోస్తే పుట్టబోయే వందల దోమలు ఒక్కసారే పోతాయి. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి కూలర్, పూలకుండీ, పాత టైరు ఖాళీ చేస్తే చాలు. మూసి ఉన్న క్వార్టర్ల పెరళ్లను మరవకండి. బదిలీ మీద వెళ్లిపోయినవారు వదిలిన తొట్టిలో కూడా నీళ్లు నిలుస్తాయి. వాటిని పారబోసే పని ఇక్కడ ఉన్న మనదే.