ఇబ్రహీం కులీ కుతుబ్ షా

ఇబ్రహీం కులీ కుతుబ్ షా (మరణం: 1580) గోల్కొండను పాలించిన కుతుబ్ షాహీ వంశంలో నాలుగవ పాలకుడు. ఇతడు 1550 నుండి 1580 వరకు ముప్పై సంవత్సరాలు రాజ్యం చేసాడు. తెలుగు కవులు ఇతనిని మల్కిభరాముడని పిలిచారు. తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాకు చెందిన ఇబ్రహీంపట్నం పట్టణానికి ఇతని పేరు మీదనే ఆ పేరు వచ్చింది. ఇతడు విజయనగరంలో ఆశ్రయం పొంది, పెరిగి, చివరకు అదే రాజ్యంపై యుద్ధం చేసాడు. 16వ శతాబ్దపు దక్కనులో హిందూ ముస్లిం సంబంధాలను పరిశీలించే చరిత్రకారులు ఇతని జీవితాన్ని తరచు ప్రస్తావిస్తారు.

తొలి జీవితం

కుతుబ్ షాహీలు ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుండి వచ్చిన తుర్క్‌మెన్లు, షియా శాఖకు చెందినవారు. వంశ స్థాపకుడైన సుల్తాన్ కులీ బహమనీ సుల్తానుల కొలువులో తెలంగాణకు అధికారిగా పనిచేసి, తరువాత గోల్కొండలో స్వతంత్ర రాజ్యాన్ని నెలకొల్పాడు. ఇబ్రహీం ఇతని కుమారులలో ఒకడు. 1543లో సుల్తాన్ కులీ మసీదులో ప్రార్థన చేస్తుండగా హత్యకు గురయ్యాడు. ఈ హత్య చేయించినవాడు అతని మరొక కుమారుడు జంషీద్. వారసుడైన కుతుబుద్దీన్ కళ్ళు పొడిపించి జంషీద్ సింహాసనం ఎక్కాడు. అప్పుడు దేవరకొండలో ఉన్న ఇబ్రహీం ప్రాణభయంతో బీదరుకు, అక్కడి నుండి విజయనగరానికి పారిపోయాడు.

విజయనగరంలో ప్రవాసం

విజయనగరంలో అప్పుడు అధికారమంతా అళియ రామరాయల చేతిలో ఉండేది. గోల్కొండ చరిత్రను తెలిపే ఒక పారశీక గ్రంథం ప్రకారం, రామరాయలు కూడ యౌవనంలో కొంతకాలం సుల్తాన్ కులీ కొలువులో పనిచేసినవాడే. అతడు ఇబ్రహీంను ఆదరించి జాగీరు ఇచ్చాడు. ఇబ్రహీం సుమారు ఏడేళ్ళు అక్కడ గడిపాడు. తెలుగు భాషా సాహిత్యాలపై అతనికి అభిరుచి కలిగింది ఈ కాలంలోనే.

సింహాసనం

1550లో జంషీద్ మరణించాడు. అతని కుమారుడు సుభాన్ బాలుడు కావడంతో రాజ్యంలో కలతలు చెలరేగాయి. కొందరు ప్రముఖులు ఇబ్రహీంను పిలిపించారు. వీరిలో ముస్తఫా ఖాన్ ముస్లిం, జగదేవరావు కోటలను కాపాడే తెలుగు నాయకవాడీ సేనలకు ముఖ్యుడు. ఈ ఇద్దరి బలంతో ఇబ్రహీం గద్దెనెక్కాడు. అయితే జగదేవరావు తరువాత ఇతనిపై కుట్ర చేసి, అది ఫలించక పారిపోయి విజయనగరం చేరాడు.

రామరాయలతో వైరం

మొదట ఇబ్రహీం రామరాయలతో కలిసి అహ్మద్‌నగరుపై దండెత్తాడు. తరువాత అహ్మద్‌నగరు సుల్తాను హుసేన్ నిజాం షా కుమార్తెను వివాహమాడి ఆ పక్షం చేరాడు. దీనికి ప్రతిగా విజయనగర సేనలు గోల్కొండ రాజ్యంలో ప్రవేశించాయి. కోవిలకొండ, పానగల్లు, ఘనపురం దుర్గాలు రామరాయల వశమయ్యాయి. 1565 జనవరిలో జరిగిన తళ్ళికోట యుద్ధంలో ఇబ్రహీం అహ్మద్‌నగరు, బిజాపూరు, బీదరు సుల్తానులతో కలిసి పోరాడాడు. ఒకప్పుడు తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలు ఆ యుద్ధంలో మరణించాడు. దీనిని రెండు మతాల మధ్య యుద్ధంగా చెప్పడం పరిపాటి. కాని అంతకు ముందు ఇరవై ఏళ్ళలో పొత్తులు మారిన తీరు చూస్తే, దుర్గాలు, సరిహద్దులు, వ్యక్తిగత అవమానాలు కూడ బలమైన కారణాలని తెలుస్తుంది.

అనంతరం ఇబ్రహీం సేనలు తీరాంధ్రలో రాజమహేంద్రవరం వరకు జయించాయి. 1579లో ఇతని సేనాని మురహరిరావు అహోబిలం ఆలయాన్ని దోచి, కెంపులు పొదిగిన విగ్రహాన్ని సుల్తానుకు సమర్పించాడు. మురహరిరావు బ్రాహ్మణుడు. శత్రురాజ్యపు దేవాలయాన్ని దోచిన ప్రభువూ, తెలుగు కవులను సత్కరించిన ప్రభువూ ఒక్కడే.

సాహిత్య పోషణ

అద్దంకి గంగాధర కవి భారతకథ ఆధారంగా రచించిన తపతీ సంవరణోపాఖ్యానమును ఇబ్రహీంకు అంకితమిచ్చాడు. సుగ్రీవ విజయం అనే యక్షగానాన్ని రచించిన కందుకూరి రుద్రకవికి ఇతడు చింతలపాలెం గ్రామాన్ని దానం చేసాడని ప్రసిద్ధి. ఇతని అధికారి, పటాన్‌చెరువుకు చెందిన అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును అంకితమిచ్చాడు. సంస్కృత తత్సమాలు లేకుండా రచించిన తొలి అచ్చతెలుగు కావ్యం ఇదే. ఈ కావ్యాల పీఠికలు కృతిభర్తలైన ముస్లిం ప్రభువులను హిందూ రాజులను పొగిడే రీతిలోనే వర్ణిస్తాయి.

నిర్మాణాలు

హైదరాబాదుకు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగర్ దారిలో ఉన్న ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఇతని కాలం నాటిదే. కాకతీయుల కాలం నుండి తెలంగాణలో చెరువు త్రవ్వించడం పుణ్యకార్యంగానూ, రాజధర్మంగానూ భావించబడేది. కుతుబ్ షాహీలు ఆ సంప్రదాయాన్ని కొనసాగించారు. హుసేన్‌సాగర్ కూడ ఇతని పాలనలోనే, ఇతని అల్లుడు హుసేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మించబడింది. మూసీ నదిపై పురానాపూల్ వంతెన 1578లో పూర్తయింది. గోల్కొండ కోట గోడలను కూడ ఇబ్రహీం పటిష్ఠపరచాడు.

మరణం

ఇబ్రహీం 1580లో మరణించాడు. గోల్కొండ సమీపంలోని కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఇతని సమాధి ఉంది. తరువాత రాజ్యానికి వచ్చిన కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించాడు.