లూథర్ నవ్వు, కేథరీనా పొదుపు

దైవసేవకుడు నవ్వకూడదని, డబ్బు మాట ఎత్తకూడదని మనలో కొందరు అనుకుంటారు. జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ ఇంట్లోకి తొంగిచూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

1523లో ఈస్టర్ వేళ నింబ్‌షెన్ కాన్వెంటు నుండి కొందరు సన్యాసినులు తప్పించుకున్నారు. వారికి పెళ్లిళ్లు కుదిర్చే భారం లూథర్ మీద పడింది. చివరికి కేథరీనా వాన్ బోరా మిగిలింది. 1525 జూన్ 13న మాజీ సన్యాసి లూథర్ ఆ మాజీ సన్యాసినిని వివాహమాడాడు. ఆయనకు 41, ఆమెకు 26. తండ్రి సంతోషిస్తాడని, పోపుకు ఒళ్లు మండుతుందని ఆయన చమత్కరించాడు. ప్రేమ తర్వాత వచ్చింది, వచ్చి స్థిరపడింది. కొత్తగా పెళ్లయినవాడు నిద్రలేచి పక్కదిండు మీద జడలు చూసి ఎలా ఆశ్చర్యపోతాడో చెప్పి అందరినీ నవ్వించేవాడు.

లూథర్ చేతిలో డబ్బు నిలిచేది కాదు. పుస్తకాలకు ప్రతిఫలం తీసుకోలేదు, ఉన్నది పంచేసేవాడు. ప్రత్యర్థి అయిన మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ 20 బంగారు నాణేలు పెళ్లికానుకగా పంపితే వద్దన్నాడు. కేథరీనా మాత్రం పుచ్చుకుంది! విట్టెన్‌బర్గ్‌లోని పాత మఠంలో ఆమె పందులు పెంచింది, తోట వేసింది, బీరు కాచింది, విద్యార్థులకు బస, భోజనం ఏర్పాటు చేసింది. లూథర్ ఆమెను దొరగారని, పందుల సంత యజమానురాలని ఆటపట్టించేవాడు. ఆ భోజనబల్ల దగ్గరి మాటలే 1566లో పుస్తకమయ్యాయి.

ఆ ఇంట కన్నీళ్లూ ఉన్నాయి. 1542లో 13 ఏళ్ల మగ్దలేనా కన్నుమూసింది. అదే ఏడాది లూథర్ వీలునామా రాసి, ఆనాటి చట్టం భార్యకివ్వని స్థానాన్ని కేథరీనాకిచ్చాడు. పిల్లల సంరక్షణ కూడా ఆమెకే అప్పగించాడు. ఆటపట్టించిన నోరే ఆమె నమ్మకత్వానికి సాక్ష్యం చెప్పింది. 1546 ఫిబ్రవరిలో ప్రయాణంలో ఉండగా, తన గురించి దిగులుపడుతున్న ఆమెను ఉత్తరంలో సరదాగా మందలించాడు. ఆ నెల 18న ఐస్లెబెన్‌లో మరణించాడు. ఆ వీలునామా చట్టపు చిక్కుల్లో పడింది. యుద్ధం ఆమె పొలాలను పాడుచేసింది. 1552లో ఆమె టోర్గావులో ప్రభువునందు నిద్రించింది.

ప్రియులారా, భార్య శ్రమను చూసి నవ్వేవారు చాలామంది. ఆ శ్రమను గుర్తించి కాగితం మీద గౌరవించేవారు ఎందరు? మన ఇంటి లెక్కల పుస్తకం కూడా దేవుని యెదుట తెరిచే ఉంటుంది. అందులో ఆమె పేరు ఎక్కడుందో ఈ రోజే చూసుకుందాం.