హోర్డింగు కింద వరుస

గాంధీగారు నేలమీద కూచుని కాగితాలు చదువుకుంటూ, ముందు రాట్నం ఉన్న ఫొటో మీరంతా చూసే ఉంటారు. మా బడి గోడమీద ఉండేది. తీసింది ఓ ఆడమనిషని, అదీ అమెరికా నుంచి వచ్చిన మనిషని చాలా ఏళ్ళ దాకా నాకు తెలీదు. పేరు మార్గరెట్ బర్క్ వైట్. ఆవిడ తీసిన ఇంకో ఫొటో ఈమధ్య నన్ను వదలడం లేదు.

1937 జనవరిలో ఒహాయో నది పొంగి లూయీవిల్ నగరాన్ని ముంచేసింది. లైఫ్ పత్రిక పంపితే మార్గరెట్ అక్కడికి వెళ్ళి, దొరికిన పడవెక్కి ఊరంతా తిరిగింది. ఒకచోట వరద సాయం కోసం నల్లజాతి వాళ్ళు వరుసలో నిలబడి ఉన్నారు. చేతుల్లో బకెట్లు, బుట్టలు, సంచులు. వాళ్ళ తలల వెనకాల గోడంత హోర్డింగు. అందులో కారులో షికారు పోతున్న తెల్లవాళ్ళ కుటుంబం. అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలూ, ఓ కుక్కా, అందరి మొహాల్లోనూ నవ్వే. ప్రపంచంలోకెల్లా గొప్ప జీవితం మాదేనని పైన పెద్ద అక్షరాలు. పెట్టించింది పరిశ్రమల యజమానుల సంఘం. చూస్తుంటే కారు ఆ వరుస మీదుగానే పోతున్నట్టుంటుంది. ఎవరో పనిగట్టుకుని గీసిన వ్యంగ్యచిత్రంలా ఉంటుంది గానీ, ఆవిడ గీసిందేమీ లేదు. రెండూ ఒకే చట్రంలో పడేచోట నిలబడిందంతే. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ మనకి ఆ వరుస గురించి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని పని దొరకని వాళ్ళ వరుసగా చాలామంది పొరబడ్డారు. కాదు, వరద బాధితులే.

నన్ను ఆపింది మాత్రం ఆ ఫొటో వెనకున్న మనిషి కథ.

మార్గరెట్ 1904లో న్యూయార్కులో పుట్టింది. తండ్రి అచ్చుయంత్రాలు తయారుచేసే ఇంజనీరు. కూతురు కాలేజీలో ఉండగానే ఆయన పోయాడు, డబ్బుకి కటకట. 1924లో పెళ్ళి, రెండేళ్ళకే విడాకులు. తర్వాత క్లీవ్‌లాండులో ఉక్కు ఫ్యాక్టరీలో దూరింది. కరిగిన ఇనుము ఎర్రటి వెలుగు ఫిలిం మీద పడకపోతే, మెగ్నీషియం కాగడాలు వెలిగించి మరీ తీసింది. ఆ ఫొటోలే 1929లో ఫార్చ్యూన్ పత్రికలో ఉద్యోగం తెచ్చాయి. క్రైస్లర్ భవనం 61వ అంతస్తులో స్టూడియో, పెంచుకోడానికి మొసళ్ళు! (మనం కుక్కపిల్లకే వెనకాడతాం.)

అంత ఖర్చుకీ డబ్బెక్కడిదంటారా? ప్రకటనల్లోంచి. కార్లకీ, టైర్లకీ మెరిసిపోయే ఫొటోలు తీసిచ్చింది. అంటే హోర్డింగు మీది ఆ నవ్వుల లోకంలో ఆవిడ చెయ్యి కూడా ఉంది. 1934లో కరువు ఫొటోలకి వెళ్ళి దుమ్ము తుఫానుల్లో పొలాలు పోయిన రైతుల్ని చూశాక ఆ పని రోత పుట్టింది. 1936 నాటికి ప్రకటనలు మానేసింది. రాబడి పోతుందని తెలిసే మానేసింది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ఇక్కడే.

అయినా తప్పులు లేవని కాదు. వరద వచ్చిన ఏడాదే రచయిత అర్‌స్కిన్ కాల్డ్‌వెల్‌తో కలిసి దక్షిణాది పేదల మీద ఓ పుస్తకం తెచ్చింది. ఫొటోల కింద ఆ పేదలే మాట్లాడుతున్నట్టు వాక్యాలుంటాయి. రాసింది వాళ్ళు కాదు, వీళ్ళిద్దరూ. ఆ సంగతి పుస్తకంలోనే ఒప్పుకున్నారనుకోండి. అయినా మనసొప్పదు. ఒకరి ఆకలికి ఇంకొకరు మాటలు పెట్టడమేమిటి? కాల్డ్‌వెల్‌నే 1939లో పెళ్ళాడింది, అదీ మూడేళ్ళే నిలిచింది.

యుద్ధంలో బాంబుల మధ్య మాస్కోలో ఉంది. ఎక్కిన ఓడ టార్పెడోకి మునిగితే బతికి బయటపడింది. 1946లో మనదేశం వచ్చింది. రాట్నం వడకడం నేర్చుకుంటేనే గాంధీగారి ఫొటో అన్నారు ఆయన మనుషులు. కూచుని నేర్చుకుంది, దారం తెగుతూ ఉన్నా. విభజనలో కాందిశీకుల బారుల్నీ తీసింది. 1948 జనవరి 30న గాంధీగారితో మాట్లాడి వచ్చిన కొద్ది గంటలకే ఆయన్ని కాల్చారు.

తర్వాత పార్కిన్సన్స్ జబ్బు. కెమెరా పట్టిన చేతులే వణికాయి. 1959లో ఆపరేషను, 1961లో మరోటి. 1971లో కన్నుమూసింది. అయితే ఆ 1959లో ఆవిడ ఒక పని చేసింది. తన జబ్బునీ, వైద్యాన్నీ, వేళ్ళు మళ్ళీ కదలడానికి పడ్డ పాట్లనీ ఫొటోలు తియ్యమని తోటి ఫొటోగ్రాఫర్ ఐజెన్‌స్టాట్‌కి ఒప్పుకుంది. అన్నీ లైఫ్ పత్రికలో వచ్చాయి. ఈసారి కెమెరాకి ఎదురుగా ఉన్నది మార్గరెట్.