పక్షిశాస్త్రజ్ఞుడు ఆస్టిన్ రాబర్ట్సు

ఇంటి చూరు మీద వ్రాలు పిచ్చుకను, చెఱువుగట్టున నిలిచియుండు కొంగను మనము నిత్యము చూచుచునే యుందుము. కాని ఆ కొంగ ఏ నెలలో వచ్చినది, ఎన్నాళ్లు ఉండినది, ఏటేట దాని సంఖ్య పెరుగుచున్నదా తగ్గుచున్నదా అని యెవరైన అడిగినచో చెప్పగలవారు అరుదు. చూచుట వేఱు; చూచినదానిని తేదీతోను, స్థలముతోను వ్రాసి యుంచుట వేఱు. మొదటిది కన్నులున్న ప్రతివారికిని సాధ్యమే. రెండవదానికి ఓర్పును, సత్యనిష్ఠయు కావలెను. ఈ రెండవ పనికే తన జీవితమును ధారవోసి, ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున నివసించు ప్రజలకు తమ దేశపు పక్షులను ఎఱుకపఱచిన మహనీయుడు ఆస్టిన్ రాబర్ట్సు.

రాబర్ట్సు 1883వ సంవత్సరము జనవరి 3వ తేదీన ప్రిటోరియా నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. బాలుని చిన్నతనము పోచెఫ్‌స్ట్రూమ్ అను పట్టణమున గడచెను. ఆ పట్టణము ప్రక్కగా మూయి అను చిన్న నది ప్రవహించును. దాని చుట్టును గడ్డిమైదానములు, రెల్లు దట్టముగా పెరిగిన చిత్తడినేలలు ఉండెను. అట్టి తావులు పక్షులకు పుట్టిండ్లు. వానకాలము వచ్చినంతనే ఎక్కడెక్కడి పక్షులో వచ్చి అచ్చట చేరుచుండెడివి. బాలుడైన రాబర్ట్సునకు ఆ నేలయే మొదటి పాఠశాల యయ్యెను.

ఆ పాఠశాలకు తగిన గురువును ఆ యూరనే లభించెను. ఆయన పేరు థామస్ అయిర్స్. 1828లో జన్మించిన ఈ వృద్ధుడు పెద్ద చదువులు చదివిన పండితుడు కాడు. కాని అడవులును, చిత్తడినేలలును తిరిగి పక్షులను సేకరించి, వాని వివరములను వ్రాసి, ఇంగ్లండు దేశమునందలి జాన్ హెన్రీ గర్నీ అను శాస్త్రజ్ఞునకు పంపుచుండెడివాడు. ఆయన పోచెఫ్‌స్ట్రూమ్ సమీపమున సేకరించిన ఒక చిన్న చిత్తడిపక్షిని గర్నీ 1877లో లోకమునకు వెల్లడించి, దానికి అయిర్స్ పేరే పెట్టెను. ఇట్టి గురువు వద్ద రాబర్ట్సు పక్షి కూతను గుర్తించుట, గూటిని కనిపెట్టుట, చర్మమును చెడకుండ భద్రపఱచుట నేర్చికొనెను. అన్నిటికంటె ముఖ్యముగా, కన్నది కన్నట్లు వ్రాయవలెననియు, ఊహను నిజముతో కలుపరాదనియు నేర్చికొనెను.

రాబర్ట్సునకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. అయినను 1910లో ప్రిటోరియాలోని ట్రాన్స్‌వాల్ మ్యూజియమున ఆతనికి ఉద్యోగము లభించెను. పక్షులు, క్షీరదములు ఆతని అధీనమున ఉండెను. నాటినుండి 1946 వఱకు ఆతడు ఆ మ్యూజియమును విడువలేదు. ఆ ముప్పదియాఱు సంవత్సరములలో వేలకొలది పక్షులును, క్షీరదములును ఆతని కృషివలన అచ్చట చేరెను.

ఆ కాలమున పక్షిశాస్త్రజ్ఞులు పక్షిని తుపాకితో కొట్టి, చర్మమును ఒలిచి, దూది కూర్చి సొరుగులలో భద్రపఱచుచుండిరి. చేతిలో పట్టుకొని పరీక్షింపనిదే ఏ పక్షి ఏ జాతిదో నిశ్చయించుట అప్పుడు కష్టముగ నుండెను. నేటివారికి ఇది కఠినముగ తోచును. కాని చంపిన పక్షికంటె దాని కాలికి కట్టిన చిన్న చీటియే విలువగలదని రాబర్ట్సు గ్రహించెను. పక్షి చచ్చిన కొలదికాలమునకే దాని కంటి రంగు, ముక్కు రంగు, కాళ్ల రంగు మాసిపోవును. అది ఏ యూర, ఏ దినమున దొరకినదో చర్మము చెప్పజాలదు. చీటి లేని చర్మము మ్యూజియమున అలంకారమునకు తప్ప ఎందులకును కొఱగాదు. అందువలన స్థలము, తేదీ, రంగులు మొదలగునవి వెంటనే వ్రాయుట శాస్త్రజ్ఞునకు ప్రథమధర్మము.

తేదీయు స్థలమును ఎంత విషయమును చెప్పగలవో తెలుపు వృత్తాంత మొకటి ఆ దినములలోనే జరిగెను. 1911 మే నెలలో ఇంగ్లండు దేశమున ఒకరు తన యింట గూడు కట్టిన వానకోయిల కాలికి సంఖ్య చెక్కిన చిన్న కడియమును తొడిగెను. 1912 డిసెంబరు నెలలో ఆ పక్షియే దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతమున ఒక పొలములో దొరకెను. ఐరోపాలో చలి ముదిరినప్పుడు వానకోయిలలు ఎక్కడికి పోవునో అంతవఱకు నిశ్చయముగ తెలియదు. రెండు తేదీలు, రెండు స్థలములు, ఒక కడియము కలసి ఆ రహస్యమును విప్పెను. భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులు తారుమారగును గదా! ఉత్తరమున చలికాలమైనప్పుడు అచ్చట వేసవి. అందుకే ఆ చిన్ని పక్షి వేలకొలది మైళ్లు ఎగిరి అచ్చటికి చేరుచున్నది.

రాబర్ట్సు మ్యూజియపు గదిలో కూర్చుండి తృప్తిపడువాడు కాడు. 1930లో వెర్నే-లాంగ్ యాత్ర అను పేర ఒక శాస్త్రజ్ఞుల బృందము కలహారీ ఎడారిని దాటుటకు బయలుదేఱెను. రాబర్ట్సు అందులో చేరెను. ఆ యెడారి నేడు బోట్స్వానా అను దేశమున అధికభాగము వ్యాపించియున్నది. అచ్చట నీరు అరుదు, ఇసుక అపారము. శాస్త్రజ్ఞులు అంతవఱకు అంతగా చూడని ఆ ప్రాంతపు జంతుజాలమును గూర్చి ఆ యాత్రవలన ఎన్నియో సంగతులు తెలియవచ్చెను. ఇట్లే ఆతడు తన జీవితమున అనేక పర్యాయములు దూరప్రాంతములకు పోయి, మ్యూజియమున ఏ జిల్లా పక్షులు లేవో చూచి ఆ లోటును పూరించుచు వచ్చెను.

ఆతని మార్గము విమర్శలు లేనిది కాదు. 1922లో ఆతడు దక్షిణాఫ్రికా పక్షుల నామకరణమును గూర్చి ఒక దీర్ఘవ్యాసమును ప్రకటించెను. అందు పూర్వపు ప్రజాతులను విడదీసి ఎన్నియో క్రొత్త ప్రజాతులను ఏర్పఱచెను. స్వల్పభేదములకే క్రొత్త పేళ్లు పెట్టుట తగదని పలువురు శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. ఆతడు కల్పించిన పేళ్లలో పెక్కులు నిలువలేదు. పట్టము లేనివానికి ఇట్టి ఆక్షేపణ ఎంత బాధాకరమో ఊహింపవచ్చును. కాని ఆతడు పనిని మానలేదు. ఇందు మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. శాస్త్రజ్ఞులు ఆతడు పెట్టిన పేళ్లను కాదనిరి గాని, ఆతని సేకరణలను కాదనలేదు. అభిప్రాయములు మాఱవచ్చును, సత్యముగ వ్రాసిన తేదీయు స్థలమును మాఱవు.

ఇంతలో రాబర్ట్సు మనస్సున ఒక గొప్ప సంకల్పము పుట్టెను. పక్షులను గూర్చిన గ్రంథములు అప్పటికి లేకపోలేదు. కాని అవి పెక్కు సంపుటములుగ, అధిక మూల్యముతో, పండితులకు మాత్రమే అందునట్లుండెను. రైతు, ఉపాధ్యాయుడు, విద్యార్థి చేతబట్టుకొని తాము చూచిన పక్షి ఏదో తెలిసికొనదగిన పుస్తక మొకటి కావలెను. అన్ని పక్షులును ఒక్క సంపుటముననే ఉండవలెను. ప్రతిదానికిని రంగుల బొమ్మ ఉండవలెను. వెల సామాన్యులకు అందవలెను. ఇది పెద్ద వ్యయముతో కూడిన పని. పక్షిప్రియులు చందాలు కూర్చి ఒక నిధిని నెలకొల్పిరి. ఆ నిధి సహాయమున గ్రంథరచన సాగెను.

బొమ్మలు గీయుటకు నార్మన్ లైటన్ అను చిత్రకారుడు దొరకెను. ఆయన ప్రభుత్వ మరామతు శాఖలో పనిచేయుచుండెను. ఆ శాఖవారు ఆయనను ఈ పనికై మ్యూజియమునకు పంపిరి. ఎదుట ఎండిన చర్మములు, ప్రక్కన రాబర్ట్సు. మాసిపోయిన కంటికి, కాలికి ఏ రంగు వేయవలెనో చీటీలు చెప్పెను. కొమ్మపై ఆ పక్షి ఎట్లు కూర్చుండునో రాబర్ట్సు చెప్పెను. ఇట్లు 50కి పైగా రంగుల పటములు సిద్ధమయ్యెను. ప్రతి పటమునందును పెక్కు పక్షులు కిక్కిఱిసి యుండెను.

1940లో దక్షిణాఫ్రికా పక్షులను గూర్చిన ఆ గ్రంథము వెలువడెను. అందు 800కు పైగా పక్షిజాతుల వర్ణన కలదు. ఇంగ్లీషు, ఆఫ్రికాన్సు పేళ్లతో పాటు జూలూ, సోసా, సోతో మొదలగు ఆఫ్రికా భాషలలోని పేళ్లను గూడ రాబర్ట్సు చేర్చెను. తరతరములుగ ఆ నేలపై బ్రతుకుచున్నవారు పక్షులకు పెట్టుకొన్న పేళ్లు అట్లు గ్రంథస్థము లయ్యెను. ప్రతి జాతికిని ఒక సంఖ్య ఉండెను. ఈ సంఖ్యలే పక్షిప్రియులకు మిక్కిలి ఉపకరించెను. పేళ్లు భాషనుబట్టి మాఱును, శాస్త్రనామములు పండితుల వాదములనుబట్టి మాఱును. సంఖ్య వ్రాసికొన్నచో ఎవరు చూచిన పక్షి ఏదో అందఱికిని తెలియును. వానిని రాబర్ట్సు సంఖ్యలని పిలువసాగిరి.

ఈ గ్రంథమువలన ఒక విశేషమైన మార్పు కలిగెను. అంతవఱకు పక్షిని గుర్తించుటకు తుపాకి కావలసియుండెను. ఇప్పుడు దుర్భిణియు, పుస్తకమును, పెన్సిలును చాలును. జీవితమంతయు చర్మములు సేకరించినవాని గ్రంథమే, పక్షిని చంపకుండ ఎఱుగు దారిని సామాన్యులకు చూపెను. సెలవుదినములలో కుటుంబములు పక్షులను చూచుటకు బయలుదేఱుట, సాయంకాలమున చూచిన పక్షుల జాబితా వ్రాసికొనుట వాడుక యయ్యెను. ఏదైన సందేహము కలిగినచో ఆ దేశమువారు పుస్తకము పేరు చెప్పరు. రాబర్ట్సును చూడుమని మాత్రమే అందురు. గ్రంథకర్త పేరే గ్రంథమునకు పేరగుట అరుదైన గౌరవము.

ఇతర గౌరవములును ఆతనికి లభించెను. కళాశాలలో చదువని ఆతనికి ప్రిటోరియా విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నొసగెను. తూర్పు జింబాబ్వే కొండలలో నివసించు ఒక చిన్న పిట్టకు 1946లో శాస్త్రజ్ఞులు ఆతని పేరు పెట్టిరి. ఆ సంవత్సరముననే ఆతడు ఉద్యోగమును విరమించెను. కాని విశ్రాంతి కోరలేదు. పక్షులను గూర్చి చేసిన పనినే క్షీరదములను గూర్చియు చేయవలెనని గ్రంథరచనకు పూనుకొనెను. అది అచ్చు కాకమునుపే, 1948 మే 5వ తేదీన ట్రాన్స్‌కీ ప్రాంతమున జరిగిన మోటారు ప్రమాదములో ఆతడు అకాలమరణము నొందెను. క్షీరదముల గ్రంథము 1951లో వెలువడెను. దానిని చూచు భాగ్యము ఆతనికి లేకపోయెను.

ఆతడు నాటిన చెట్టు మాత్రము ఎండలేదు. పక్షుల గ్రంథమును తరువాతివారు 1957లో సంస్కరించిరి. పలుమాఱులు క్రొత్త విషయములు చేర్చి ప్రకటించిరి. 2005లో ఏడవ కూర్పు వెలువడెను. రాబర్ట్సు పేరు మాత్రము దానిపై నిలిచియే యున్నది. ప్రిటోరియాలో ఆతని పేర ఒక పక్షిసంరక్షణస్థలము కలదు.

అంతకంటె గొప్ప స్మారకము మఱొకటి కలదు. 1987 మొదలు 1991 వఱకు దక్షిణాఫ్రికాయందును, పొరుగు దేశములయందును వేలకొలది సామాన్యులు తమ ప్రాంతపు పక్షుల జాబితాలు వ్రాసి పంపిరి. 70 లక్షలకు పైగా నమోదులు చేరెను. వానినుండి 1997లో పక్షుల పటసంపుటి తయారయ్యెను. 2007లో రెండవ పర్యాయము ఈ పని ఆరంభమయ్యెను. దేశపటమును అక్షాంశ రేఖాంశములనుబట్టి సుమారు 8, 9 కిలోమీటర్ల ప్రక్కలు గల చిన్న గళ్లుగా విభజించిరి. పక్షిప్రియుడు ఒక గడిలో కనీసము రెండు గంటలు తిరుగవలెను. ఏ పక్షి మొదట కనబడినదో, ఏది తరువాత కనబడినదో వరుసగ వ్రాయవలెను. అరుదైన పక్షిని గొప్పగ వ్రాసి, కాకిని పిచ్చుకను విడువరాదు. నిశ్చయముగ గుర్తింపని పక్షిని వ్రాయరాదు. పెక్కుమంది ఒకే గడిలో వ్రాసిన జాబితాలను పోల్చినచో, ఒక జాతి ప్రతి జాబితాలోను కనబడుచున్నదా, నానాటికి తప్పిపోవుచున్నదా అని తెలియును. ఒక పక్షి నశించుచున్నదని దేశము ముందుగ ఎఱుంగునది ఇట్టి జాబితాలవలననే.

గురువైన అయిర్స్ కనుగొన్న ఆ చిన్న చిత్తడిపక్షి కథ ఇందులకు తార్కాణము. అది నేడు ప్రపంచమున మిక్కిలి అపాయస్థితిలో ఉన్న పక్షులలో నొకటి. ఇథియోపియాలో తప్ప అది గ్రుడ్లు పెట్టదనియు, దక్షిణాఫ్రికాకు అతిథిగ మాత్రమే వచ్చుననియు బహుకాలము తలంచిరి. 2018లో దక్షిణాఫ్రికాలోని ఒక చిత్తడినేలలో కెమెరాలు అమర్చి పరిశీలింపగా, అది అచ్చటను పిల్లలను పెంచుచున్నదని తెలిసెను. దానితో ఆ చిత్తడినేలను కాపాడుట అతిథిసత్కారము కాక, ఆ పక్షి సొంతయింటిని నిలుపుట యయ్యెను. ఒక గురువు వ్రాసిన వివరమునకు నూటనలువది సంవత్సరముల తరువాత మఱొక వాక్యము చేరినది.

మన దేశమునకును ఆ దేశమునకును పక్షులు కట్టిన వంతెన యొకటి కలదు. అమూరు డేగలు ఏటేట తూర్పు ఆసియానుండి బయలుదేఱి, నాగాలాండులో కొన్నాళ్లు విశ్రమించి, మన ద్వీపకల్పము మీదుగ అరేబియా సముద్రమును దాటి దక్షిణాఫ్రికాకు చేరును. మన ఆకాశమున ఎగిరిపోయిన డేగను అచ్చట మఱొకరు తన పుస్తకమున వ్రాసికొనుచుండవచ్చును.

రాబర్ట్సునకు పట్టములు లేవు. ఆతని అభిప్రాయములన్నియు నిలువలేదు. కాని చూచినదానిని జాగ్రత్తగా చూచి, చూచిననాడే వ్రాసి, వ్రాసినదానిని పదుగురికి పంచిపెట్టెను. ఈ మూడు గుణములును ధనముతో కొనదగినవి కావు. విద్యార్థికిని అందుబాటులో ఉన్నవే. ఊరి చెఱువుగట్టున నిలిచిన కొంగకును ఒక తేదీ కావలెను. దానిని వ్రాయుటకు ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకము, నిజము పలుకు మనస్సు చాలును.